మామ్మ ఏడక్షరాలు

విశాఖలో సిటీ బస్సెక్కి పోర్టు వైపు వెళ్తుంటే ఒకచోట కండక్టరు "కాన్వెంటు... కాన్వెంటు... ఎవరమ్మా దిగాలి" అని గట్టిగా అరుస్తాడు. దిగేవాళ్లలో సగం మందికి ఆ కాన్వెంటు ఏదో, ఎక్కడుందో తెలీదు. వాళ్లకి అది లారీలు బారులు తీరే కూడలి, అంతే. కిందటి నెల మా అల్లుడి కార్లో అటుగా వెళ్తూ అలవాటుగా కిటికీలోంచి మెడ సాచి చూస్తుంటే, "ఏం చూస్తున్నారత్తయ్యా, ఇక్కడేముంది?" అన్నాడు. ఏం చెప్పను? మా మామ్మ అరవై దాటాక అక్షరాలు దిద్దిన చోటు అని చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. ఈలోగా సిగ్నల్ పడిపోయింది. ఆ వెనక్కి వెళ్లడమేదో ఇక్కడ వెళ్దామని కూర్చున్నాను.

అసలు కాన్వెంటు అనే మాటకే మనవాళ్లు ఎంత పని చెప్పారో చూడండి. సన్యాసినులు ఉండే ఇల్లు అని దాని అర్థం. మన ఊళ్లలో మాత్రం టై కట్టి పంపే ప్రతి బడీ కాన్వెంటే. మా శ్రీకాకుళం జిల్లాలో రెండు రేకుల షెడ్లలో నడిచే ఇంగ్లీషు మీడియం స్కూళ్లకి కూడా సరస్వతి పేరు మీదా, సాయిబాబా పేరు మీదా కాన్వెంట్లని బోర్డులుండేవి. సిస్టరన్న మనిషి ఆ చుట్టుపక్కల కనపడదు. "మావోడు కాన్వెంట్లో సదువుతున్నాడు" అంటే పిల్లి, కుక్క, ఆవు ఇంగ్లీషులో చెప్పగలడని అర్థం. నేను పద్దెనిమిదేళ్లొచ్చేదాకా అసలు కాన్వెంటు గడప తొక్కలేదు, తెలుగు మీడియం వానాకాలం చదువు నాది.

1984లో ఇంటర్ నరసన్నపేటలో పూర్తయింది. నాన్న నా ఏడో ఏట పోయారు. అమ్మకి పొలం, తమ్ముడు, రెండు గేదెలు. నేను డిగ్రీ అనేసరికి మా పెదనాన్న "ఆడగుంటకి విశాపట్నంలో సదువేటి" అన్నారు. ఆ రోజుల్లో అది కోపంతో అన్న మాట కూడా కాదు, లెక్క చెప్పినట్టు చెప్పారు. అమ్మ ఊరుకుంది. మామ్మ ఊరుకోలేదు. మామ్మంటే నాన్నగారి అమ్మ.

మా ఊరి హైస్కూల్లో ఒక టీచరమ్మ ఉండేవారు. ఆవిడ విశాఖలో సెయింట్ జోసెఫ్స్ కాలేజీలో చదువుకున్నారు. మామ్మకి ఆవిడ చదువు సంగతి తెలీదు, ఆవిడ నడక మాత్రం నచ్చేది. "ఆయమ్మ రోడ్డు మద్దెన నడుస్తాది, ఓరకి కాదు. ఆ సదువేదో దీనికీ సెప్పించండి" అంది. మా ఇంట్లో నా చదువు గురించి జరిగిన చర్చంతా ఇంతే.

బయల్దేరిన రోజు గురించి ఒక ముక్క చెప్పాలి. మామ్మ పాతికేళ్ల లోపే భర్తని పోగొట్టుకుంది. ఇంట్లోంచి ఎవరు బయల్దేరుతున్నా పెరట్లోకి తప్పుకునేది, ఎదురు రాకూడదని. ఎవరూ ఆమెని పొమ్మనేవారు కాదు, తనే పోయేది. నేను చదువుకి వెళ్లే రోజున కూడా తెల్లారకముందే, ఎవరూ లేవకముందే, ఒక్కర్తీ నడుచుకుంటూ వెళ్లి బస్సాగే చింతచెట్టు కింద కూర్చుంది. నేను అమ్మతో కలిసి మంచి ఘడియ చూసుకుని బయల్దేరాను. చెట్టు కింద మామ్మ, పక్కన నా ట్రంకు పెట్టె. ముందు నన్ను ఎక్కించి తర్వాత వెనక తలుపులోంచి తనెక్కింది. ఆమదాలవలసలో పాసింజరు పట్టుకున్నాం, విశాఖ స్టేషన్లో దిగి రిక్షా కట్టించుకుని, ఆ కాన్వెంటూ కాలేజీ ఉన్న జ్ఞానాపురం వెళ్లాం.

ఆఫీసు గదిలో పెద్ద టేబుల్, గోడకి బాలయేసుని ఎత్తుకున్న జోసెఫ్ బొమ్మ, కింద బల్ల మీద వరసగా దరఖాస్తులు. నేను నింపిన ఫారాన్ని సిస్టరు చదివి, "గార్డియన్ సంతకం" అని మామ్మ వైపు తిప్పారు. మామ్మ ఎడమచేతి బొటనవేలు చాపింది. పింఛను కాగితాలకీ, సొసైటీ అప్పుకీ అలా చాపీ చాపీ ఆమెకి అది ఎంత అలవాటంటే, సిరా పెట్టె కనపడకపోయినా వేలు లేచిపోతుంది. సిస్టరు డ్రాయరంతా వెతికి ఊదారంగు సిరా పెట్టె తీశారు. ముద్ర పడింది. పక్కన నేను "నిశాని" అని రాశాను. ఆ మాట రాయడం నాకు మూడో తరగతి నుంచీ వచ్చు, మా వీధి మొత్తానికి నేనే రాసిపెట్టేదాన్ని.

సిస్టరు ఫారం మడిచి, మలయాళం యాస తగిలే తెలుగులో, "మామ్మగారూ, వచ్చేసారికి సంతకం పెడుదురుగాని" అన్నారు. మామ్మ నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏటి తల్లీ, కాటికి కాళ్లు సాపుకున్నదానికి సంతకమేటి?"

సిస్టరు నవ్వలేదు. "ప్రతి నెలా మనవరాలిని చూడ్డానికి వస్తారు కదా, అప్పుడు చూద్దాం" అని తర్వాతి అమ్మాయిని పిలిచారు.

నా మొదటి రెండు నెలలూ ఏడుపులోనే గడిచిపోయాయి, దాని గురించి ఎక్కువ చెప్పను. క్లాసులో ఇంగ్లీషు రాక టెన్షన్, రాత్రి రైళ్ల కూతలు వింటే ఇంటి మీద బెంగ. ఉతికి ఆరేసిన తెల్ల లంగాల మీద సాయంత్రానికి నల్లటి నుసి. ఆగస్టులో ముఖ్యమంత్రి ఎన్టీ రామారావుగారిని గద్దె దించేశారని రాష్ట్రమంతా గొడవ, బస్సులాగిపోయాయి, ఆ నెల మామ్మ రాలేకపోయింది. మిగతా పిల్లల ఇళ్ల నుంచి మాత్రం ఎవరొచ్చారు గనక, అందరం కలిసే ఏడ్చాం.

అక్టోబరు 15 వచ్చింది. ఆ రోజు మా కాలేజీ నడిపే సెయింట్ జోసెఫ్ సిస్టర్ల సంఘం పుట్టినరోజు. మాకు చరిత్ర చెప్పే సిస్టరు ఆ పీరియడ్లో పాఠం పక్కనపెట్టి వాళ్ల కథ చెప్పారు. అంతకుముందు నాకు సిస్టర్లంటే ఇంగ్లీషు దొరసానులు పెట్టిన సంగతేదో అనుకునేదాన్ని. దానికీ ఇంగ్లండుకీ సంబంధమే లేదు.

ఫ్రాన్సు మధ్యలో ల పుయ్ అని కొండల ఊరుంది. అగ్నిపర్వతాలు చల్లారిపోగా మిగిలిన రాతి స్తంభాల మీద గుళ్లు కట్టుకున్న ఊరు. ఒక గుడికి 268 మెట్లట. (సింహాచలం మెట్లు వెయ్యి, అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. సిస్టరు ఒప్పుకున్నారు.) 1650లో అక్కడ జాన్ పియేర్ మెడాయ్ అనే జెస్యూట్ ఫాదరు, ఆ ఊరి బిషపూ కలిసి ఆరుగురు ఆడవాళ్లని ఒకచోట చేర్చారు. యుద్ధాలూ కరువులూ నమిలేసిన ప్రాంతమది. వాళ్లకి ఒప్పజెప్పింది ఒక అనాథ బాలికల ఆశ్రమం. ఆ ఆరుగురూ జమీందారుల పిల్లలు కారు. పల్లెల నుంచి వచ్చినవాళ్లు, ఒకావిడ వితంతువు. లేసు అల్లీ, రిబ్బను నేసీ పొట్టపోసుకుంటూ, ఆ పిల్లలకీ అదే పని నేర్పారు. పని చేతిలో ఉంటే ఆడపిల్ల ఎవరి దయ మీదా ఆధారపడక్కర్లేదని.

తర్వాత సిస్టరు చెప్పిన ముక్క దగ్గర నేను రాసుకోవడం ఆపేశాను. ఆ ఆరుగురిలో చాలామందికి సంతకం చేయడం రాదు. సంఘం ఒప్పందం కాగితం మీద పేరు రాయలేకపోయినవాళ్లలో వాళ్లకి పెద్దగా ఉన్న ఫ్రాన్స్వాజ్ ఎరో కూడా ఉన్నారు. ప్రపంచమంతా బళ్లు పెట్టిన సంఘానికి మొదటి పెద్దమ్మకి చదువు లేదు. నాకు వెంటనే ఊదారంగు బొటనవేలు గుర్తొచ్చింది.

ఇంకో సంగతి, బట్టల గురించి. ఆ కాలంలో సన్యాసిని అంటే నాలుగు గోడల మధ్య ఉండాల్సిందే. చర్చి నియమం అది. వీధిలోకి వెళ్లి రోగుల్నీ పేదల్నీ చూడాలనుకున్నవాళ్లకి ఆ నియమమే అడ్డం. అంతకు నలభై ఏళ్ల ముందు 1610లో ఆనెసీ ఊళ్లో ఫ్రాన్సిస్ డి సేల్స్ అనే బిషపు, జేన్ డి షంతాల్ అనే వితంతువూ కలిసి అలాంటి ప్రయత్నమే చేశారు. కొన్నేళ్లకే వాళ్ల సంఘాన్నీ గోడల వెనక్కి పంపేశారు. ల పుయ్ ఆడవాళ్లు ఇంకో దారి పట్టారు. పెళ్లికాని పిల్ల ఒంటరిగా తిరిగితే లోకం ఒకలా చూస్తుంది. సన్యాసిని బయటికి రాకూడదు. వితంతువు మాత్రం తన పని మీద తను ఊరంతా తిరగొచ్చు, ఎవరూ అడగరు. అందుకని ఆ ఆరుగురూ ఆ ఊరి వితంతువులు వేసుకునే సాదా నల్లబట్టలే వేసుకున్నారు. మనం సన్యాసినుల దుస్తులనుకునే నల్లగౌను, తలమీద ముసుగూ వీళ్ల విషయంలో అలా వచ్చినవే. తర్వాత మన దేశంలో అవి చీరలయ్యాయి.

క్లాసయ్యాక చాలాసేపు బెంచీ మీదే కూర్చున్నాను. అక్కడ వితంతువు బట్ట కట్టుకుంటే వీధిలోకి దారి దొరికింది. మా ఇంట్లో అదే బట్ట కట్టుకున్న మనిషి పెరట్లోకి తప్పుకుంటోంది. దీన్ని నేను ఎవరితోనూ అనలేదు. అనడానికి అప్పుడు నాకు మాటలు లేవు.

మిగతా కథ సిస్టరు తర్వాతి క్లాసుల్లో ముక్కలు ముక్కలుగా చెప్పారు. సిలబస్‌లో ఫ్రెంచి విప్లవం ఉంది కాబట్టి ఆవిడకి సాకు దొరికింది. విప్లవంలో ఈ సంఘాన్ని రద్దు చేశారు. సిస్టర్లలో కొందరు 1794లో గిలటిన్ కింద తల పోగొట్టుకున్నారు. జాన్ ఫోన్‌బోన్ అనే ఆవిడ జైల్లో వరస కోసం ఎదురుచూస్తుండగా పారిస్‌లో ఆ తలలు తీయించిన విప్లవ నాయకుడు రాబెస్పియర్ పడిపోయాడు. జైలు తలుపులు తెరిచారు. ఆవిడ పుట్టింటికి వెళ్లిపోయి పన్నెండేళ్లకు పైగా మామూలు ఆడకూతురిలా బతికింది. 1807లో సెంటెత్యెన్ అనే ఊళ్లో కొందరు అమ్మాయిలకి దారి చూపమని కబురొస్తే మళ్లీ మొదలుపెట్టింది. రాబెస్పియర్ గురించి పరీక్షలో పది మార్కుల ప్రశ్న వచ్చింది. నేను అతని పతనానికి కారణాలన్నీ రాసి, చివర్లో "దీనివలన మదర్ సెయింట్ జాన్ ఫోన్‌బోన్ ప్రాణాలతో బయటపడెను" అని ఒక వాక్యం కలిపాను. యూనివర్సిటీలో దిద్దినవాళ్లు ఏమనుకున్నారో.

ఆవిడ మళ్లీ మొలకెత్తించిన చెట్టు కొమ్మే 1833లో ఆనెసీ చేరింది. సరిగ్గా ఆ పాత ప్రయత్నం మొదలైన ఊరికే. ఆనెసీ అప్పటికి ఫ్రాన్సులో లేదు, సార్డీనియా రాజ్యంలో సావోయ్ అనే ప్రాంతం. ఆ ఊరి ఫాదర్లు విశాఖ మిషన్‌కి రావడం, 1847లో పాత ఊళ్లో మగపిల్లలకి సెయింట్ అలోసియస్ బడి పెట్టడం ముందే జరిగింది. ఆడపిల్లల బడి ఆడవాళ్లు నడపాలి కదా. 1849లో ఆనెసీ నుంచి నలుగురు సిస్టర్లు మన తీరానికి వచ్చారు. సూయజ్ కాలువ ఇంకో ఇరవై ఏళ్లకు గానీ తెరుచుకోలేదు. మంచుకొండల మధ్య సరస్సు ఒడ్డున పెరిగిన మనుషులు మన జ్యేష్ఠమాసపు ఎండకి ఏమైపోయారో ఊహించుకోండి. ఆ ఏడు మన కందుకూరి వీరేశలింగంగారికి ఏడాది నిండింది. ఆయన పెద్దై ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టింది 1874లో.

ఈ పోలిక చెప్పి ఎవర్నీ తక్కువ చేయాలని కాదు. వీరేశలింగంగారు సొంత జనంతో తిట్లు తింటూ చేశారు. అది వేరే ధైర్యం. వీళ్లు ఎవరి భాషా రాని చోటికి వచ్చి, తిరిగి వెళ్తామన్న నమ్మకం లేకుండా చేశారు. ఇదింకో రకం. నా మటుకు నాకు రెండూ కావాలి.

వీళ్లొక్కరే అని కూడా అనను. గుంటూరు వైపు వాళ్లకి హాలండు నుంచి 1904లో వచ్చిన జేఎంజే సిస్టర్లు తెలుసు. మా చిన్నత్త కూతురు విజయవాడ మారిస్ స్టెల్లాలో చదివింది, అది ఫ్రాన్సిస్కన్ సిస్టర్లది. పెళ్లిళ్లలో కలిస్తే ఇప్పటికీ మా కాలేజీ గొప్పంటే మా కాలేజీ గొప్పని వాదించుకుంటాం. మా సెయింట్ జోసెఫ్స్ 1958లో మొదలైంది. ఉత్తరాంధ్రలో ఆడపిల్లల కోసమే పెట్టిన తొలి డిగ్రీ కాలేజీ మాదేనని మేం చెప్పుకునేవాళ్లం. అప్పటిదాకా మా వైపు ఆడపిల్ల డిగ్రీ చదవాలంటే మగపిల్లల మధ్య కూర్చోవాలి. అదెంత మంది ఇళ్లలో కుదిరేదో మా పెదనాన్నని అడిగితే చెప్పేవారు.

పెదనాన్నకి ఇంకో అనుమానం ఉండేది, "మతం కలిపేస్తారు" అని. సెలవులకి ఇంటికెళ్లినప్పుడల్లా నా మెడ వైపు చూసేవారు, శిలువేమైనా కనపడుతుందేమోనని. మా క్లాసులో ఎక్కువమంది హిందువులమే. క్యాథలిక్ పిల్లలకి కేటకిజం, అంటే వాళ్ల మత పాఠాల క్లాసు, అదే టైములో మాకు మోరల్ క్లాసు. మేం గుళ్లోకి, అంటే వాళ్ల చాపెల్‌లోకి, పరీక్షల ముందు మాత్రం తప్పకుండా వెళ్లేవాళ్లం. అక్కడ మొక్కి, అటునుంచటే సింహాచలం అప్పన్నకీ మొక్కి, ఎవరు పాస్ చేయిస్తే వాళ్లకి కొబ్బరికాయ అనుకునేవాళ్లం. మొదటి సెమిస్టరూ గిమిస్టరూ ఏమీ లేవు అప్పుడు, ఏడాదికోసారి పరీక్ష. అంచేత మొక్కులు గట్టిగా ఉండేవి.

కాన్వెంటు చదువంటే జనం ఇంగ్లీషు, క్రమశిక్షణ అంటారు. ఈ రెండింటి గురించి నాకంత మోజు లేదు. మా పిన్ని కొడుకు వేరే ఊళ్లో ఒక స్కూల్లో చదివాడు, పేరెందుకు, తెలుగు మాట్లాడితే పావలా జరిమానా అక్కడ. వాడికి ఇప్పటికీ తెలుగులో ఉత్తరం రాయడం రాదు, ఇంగ్లీషులో కూడా అంతంతే. నా ఇంగ్లీషు సంగతికొస్తే, రోజూ సాయంత్రం అరగంట హిందూ పేపరు బిగ్గరగా చదివించి నాలుగు నెలల్లో దారిలో పెట్టారు. చదివేటప్పుడు తప్పు పలికితే ఆపేవారు కాదు. పేరా అయ్యాక ఆ మాట ఒక్కటీ వాళ్లు మెల్లగా పలికేవారు, అంతే.

ఇక మామ్మ. ఆమె నెలకో ఆదివారం వచ్చేది. సంచిలో కాలాన్ని బట్టి తేగలో, జంతికలో, పలాస జీడిపప్పో. పొద్దున బండికి వచ్చి సాయంత్రం బండికి వెళ్లాలి. నాకు ఆ రోజు బట్టలుతుక్కునే పనీ రికార్డు పనీ ఉండేవి, మామ్మ వరండాలో బల్ల మీద ఒక్కర్తీ కూర్చునేది. సెప్టెంబరులో వచ్చినప్పుడు ఆఫీసు సిస్టరు ఒక పలకా, రెండు బలపాలూ తెచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. నేను బాల్చీ పట్టుకుని అటు వెళ్తూ చూశాను. మామ్మ బలపాన్ని కత్తిపీట పట్టుకున్నట్టు పిడికిట్లో పట్టుకుంది.

మామ్మ పేరు సింహాచలం అప్పన్న పేరుతో మొదలయ్యే ఏడక్షరాల పేరు. మధ్యలో ఒక ఒత్తు, చివర ఒక ఒత్తు. "మా అమ్మా బాబూ ఇంత పొడుగు పేరెట్టారేటి తల్లీ, రెండచ్చరాలది ఎడితే పోనా" అని సణిగేది. సిస్టరు "ముందు 'అ' చాలు మామ్మగారూ" అన్నారు. ఆ ఆదివారమంతా అ. 'అ' పొట్ట గుండ్రంగా రాదు, మామ్మ చెయ్యి మొక్కల పాదు తవ్వే చెయ్యి, గీత కిందికి పోతుంది. సిస్టరు చెయ్యి పట్టి దిద్దించలేదు. అదే నాకు వింతగా ఉండేది, మా బళ్లో మేస్టారు చెయ్యి పట్టి దిద్దించేవారు. ఆవిడ తన పలక మీద తను రాసేవారు, మామ్మ చూసి తన పలక మీద రాసేది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఎవరి 'అ' వాళ్లు రాసుకుంటున్నట్టుండేది.

దసరాకి మూడక్షరాలొచ్చాయి. పవత్తు దగ్గర బండి ఆగిపోయింది. ప కింద ఇంకో ప ఎందుకుండాలో మామ్మకి ఒప్పుదల కాలేదు. "పైన ఉన్నదే కిందా ఉంటే రెండుసార్లు రాసినట్టు గదా, కాయితం దండగ" అంది. సిస్టరు ఆలోచించి, "కింద ఉన్నది పైదాన్ని మోస్తుంది" అన్నారు. ఇది ఏ వ్యాకరణంలోనూ లేదు. మామ్మకి మాత్రం వెంటనే ఎక్కింది. "మోత మోసేదాని గీత సిన్నగుంటాదన్నమాట" అని పవత్తు చక్కగా పెట్టింది. సంక్రాంతికి మవత్తు కూడా వచ్చేసింది. మధ్య మధ్యలో మా ఇంట్లో పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో రాసేదని అమ్మ చెప్పింది. పెదనాన్న వస్తున్న చప్పుడైతే చెంగుతో తుడిచేసేదట.

నేను సెకండియర్‌లో ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరాను. సాయంత్రాలు జ్ఞానాపురం వీధుల్లో రాత్రిబడి. పోర్టు కలాసీల ఇళ్లు, రైల్వే కూలీల ఇళ్లు. సిస్టర్లు ముందే ఒక కాగితం మీద వీధులు గీసి, ఈ వీధి మీ ఇద్దరిదీ, ఆ సందు వాళ్లిద్దరిదీ అని పంచిపెట్టేవారు. ఎవరింట్లో జబ్బు, ఎవరి పిల్ల బడి మానేసింది, ఎవరు తాగి కొడుతున్నారు, ఇవన్నీ చూసి వచ్చి చెప్పాలి. 1650లో ఆ ఆరుగురికి మెడాయ్ ఫాదరు ఊరిని పేటలుగా పంచుకోమని చెప్పారని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం కాళ్ల నొప్పులు తప్ప చరిత్ర కనిపించలేదు.

ఆ రాత్రిబడిలో నేను చేసిన మొదటి పని నా శిష్యురాళ్ల చెయ్యి పట్టి దిద్దించబోవడం. నలభై ఏళ్ల ఒకావిడ చేపలమ్మే మనిషి, చెయ్యి విదిలించేసింది. "నానేటి పసిగుంటనా?" అంది. తర్వాతి రోజు రెండో పలక తీసుకెళ్లాను.

థర్డియర్‌లో సెలవులకి ఇంటికెళ్లినప్పుడు పోస్టుమేన్ మామ్మ పింఛను మనియార్డరు తెచ్చాడు. అతను మామూలుగానే సిరా పెట్టె మూత తీశాడు. మామ్మ "పెన్నియ్యి బాబూ" అంది. అరుగు మీద కూర్చుని, కాగితాన్ని మోకాలి మీద సర్దుకుని, ఏడక్షరాలూ రాసింది. పవత్తు దగ్గర ఒక్క క్షణం ఆగింది. పోస్టుమేన్ సైకిలు స్టాండు వేసి ఓపిగ్గానే నిలబడ్డాడు. అంతా అయ్యాక బుర్ర గోక్కున్నాడు. "రికార్డులో నిశాని ఉంది మామ్మా. సంతకం ఎడితే ఆఫీసులో ఒప్పుకోరు. నువ్వు నువ్వు కాదంటారు."

నాకు ఒళ్లు మండిపోయింది. డిగ్రీ చదువుతున్నానన్న పొగరు కూడా ఉందిగా, అతనితో వాదనకి దిగాను. మామ్మ నన్ను చేత్తో ఆపింది. బొటనవేలు సిరాలో అద్ది, సంతకం పక్కనే ముద్ర వేసింది. "ఇది ఆళ్లకి" అంది ముద్ర చూపించి. సంతకం ఎవరికో చెప్పలేదు. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లూ ప్రతి మనియార్డరు కాగితం మీదా రెండూ ఉండేవి. పోస్టుమేన్ సైకిలు బెల్లు వినపడగానే నీళ్లచెంబు, పెన్ను రెండూ అరుగు మీద పెట్టుకునేది. చెంబు అతనికి.

1987 ఎండాకాలం తర్వాత సర్టిఫికెట్లు తీసుకోవడానికి రమ్మని ఉత్తరం వచ్చింది. ఒక్కదాన్నే వెళ్లొస్తానన్నాను. మామ్మ తనూ వస్తానంది. ఆ రోజు పొద్దున్న నేను గడప దాటుతుంటే మామ్మ కనపడలేదు. మళ్లీ చింతచెట్టు దగ్గరికి ముందే వెళ్లిపోయిందనుకున్నాను. వీధిలోకి వచ్చి చూస్తే ఎదురుగా నిలబడి ఉంది, చంకలో సంచితో. పెదనాన్న అరుగు మీంచి చూస్తున్నారు. ఎవరం ఏమీ అనలేదు. రోడ్డెక్కి నడిచాం.

ఆఫీసు గదిలో అదే టేబుల్, అదే జోసెఫ్ బొమ్మ. వరస బారుగా ఉంది. సిస్టరు నా కాగితాలిచ్చి, అందినట్టు రిజిస్టర్లో సంతకం పెట్టమన్నారు. హడావిడిగా ఇంగ్లీషులో గిలికాను. ఏ అక్షరమూ పూర్తిగా లేని సంతకం, అదే స్టైల్ అనుకునేదాన్ని. మామ్మ తొంగిచూసింది.

"మరి నాను ఎట్టక్కర్లేదా తల్లీ?"

అక్కర్లేదు. గార్డియన్ల గడి ఆ రిజిస్టర్లో లేనే లేదు. సిస్టరు రిజిస్టరు మామ్మ వైపు తిప్పి, నా సంతకం కింద వేలు పెట్టి చూపించి, కుర్చీ లాగారు. మామ్మ కూర్చుంది, సంచి ఒళ్లో పెట్టుకుంది, పెన్ను మూత తీసి మూతని దాని వెనక జాగ్రత్తగా తగిలించింది. ఏడక్షరాలూ రాసింది. అక్షరాలు పెద్దవి. నా గడి దాటి, కింది గడిలోకి దిగి, అదీ నిండిపోయింది.

వరసలో నా వెనక నిలబడ్డ అమ్మాయి రిజిస్టరు వైపు చూసి, "మరి నేనెక్కడ పెట్టాలి సిస్టర్?" అంది.